చిలక గుండీలు

ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందని దయామణి గట్టి నమ్మకం. ఆ చేతిలో ఓ కత్తెర కూడా ఉంటుందని ఆ ఊళ్లో ఎవరూ గమనించినట్టు లేరు.

ఆ రోజు పొద్దున్న ఏడున్నరకే ఆవిడ వరండాలో చాప పరుచుకుని, చుట్టూ పాత బట్టలు గుట్టగా పోసుకుని కూర్చుంది. మే నెలాఖరు. భర్త ఇన్నయ్య, కొడుకు మార్టిన్ తెల్లారకముందే మామిడి తోటకి వెళ్లిపోయారు. చిన్న రసాలు ఆఖరి కోత. విస్సన్నపేట దగ్గర సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టలు జూన్‌లో తెరుస్తారు కాబట్టి, బట్టలూ సామాన్లూ తీసుకెళ్లడానికి చర్చి ఆటో పదింటికి వస్తుందని ఫాదర్ చెప్పారు. ఎవరు ఎన్ని సంచులిచ్చారో వచ్చే ఆదివారం పూజ అయ్యాక చదువుతారు. పోయినేడు దయామణి పేరే మొదట చదివారు.

తొమ్మిదిన్నరకి కోడలు సుసన్నా రెండో కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ప్రభుత్వ బడిలో టీచరు, పెళ్లయి రెండేళ్లయింది. వేసవి సెలవులు కాబట్టి ఆ వేళప్పుడు ఇంట్లో ఉంది. అత్తగారు మామగారి చొక్కా ఒకటి ఒళ్లో వేసుకుని, పైనుంచి కిందికి గుండీలన్నీ ఒక్కొక్కటీ టక్కుటక్కున కత్తిరించి, బిస్కెట్ల డబ్బాలో పడేయడం చూసి అక్కడే ఆగిపోయింది.

"అదేంటత్తయ్యా, గుండీలు కోసేస్తున్నారు? ఇచ్చేసే చొక్కానే కదా అది?"

"ఇచ్చేసేదే. అందుకే కోస్తున్నా" అంది దయామణి తలెత్తకుండా. "మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఇంట్లోంచి బట్ట పోవచ్చు గానీ గుండీ పోకూడదు. గుండీతో పాటు ఇంటి కలిమి కూడా ఊడిపోతుందంట."

సుసన్నా చొక్కా చేతిలోకి తీసుకుంది. భుజమ్మీద అరచేతంత మామిడి సొన మరక, నల్లగా కాలినట్టుంది. సొన మరక ఏ సబ్బుకీ పోదని ఆ మామిడి తోటల ఊళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. లంగాలకి బొందులు లేవు. జాకెట్లకి హుక్కులు లేవు. మనవరాలు విడిచిన చిన్న గౌను ఒకటి బాగానే ఉంది అనుకుని తిప్పి చూస్తే, వీపు వైపు అయిదు కాజాలు నోళ్లు తెరుచుకుని కనబడ్డాయి. ఆ గౌను కోపంగా చాప మీద పడేసింది.

"ఈ కుక్కరికి వెయిటేదీ?" అంది, సామాన్ల గోనెసంచిలోకి చూసి.

"మన కుక్కరికి స్పేర్‌గా ఉంటుందని తీశాను. గాస్కెట్ కూడా."

"మరి ఫ్లాస్కు మూత?"

"పొద్దున్నే పోలీసులా ఏంటమ్మా నీ ఆరాలు? కాఫీ చల్లారిపోతోంది."

"మూత లేని ఫ్లాస్కు, కూత లేని కుక్కరు, గుండీల్లేని చొక్కాలు! వీటితో ఆ పిల్లలు ఏం చేసుకుంటారత్తయ్యా? ఇది దానమా? పెంట కుప్ప మీద వెయ్యాల్సింది సంచుల్లో కట్టి, పేరు చదివించుకోవడం!"

దయామణి కత్తెర ఆగింది. ఆ ఇంట్లో ఆవిడతో అంత గొంతెత్తి మాట్లాడినవాళ్లు లేరు. ఆవిడ అత్తగారు బతికున్న రోజుల్లో కూడా లేరు.

"ఏంటా మాటలు? ఈ వీధిలో నాలా ఎవరిస్తున్నారో చూపించు! సంచి ఇవ్వడానికే చేతులు రావు జనానికి!"

సరిగ్గా అప్పుడే మార్టిన్ బండి దిగాడు. తోటలో క్రేట్లు చాల్లేదని ఇంటికొచ్చాడు. చొక్కా అంతా సొన, తల నిండా ఎండుటాకులు.

"గేటు దాకా వినబడుతోంది, ఏమైంది?"

"మీ అమ్మగారిని అడగండి. ఈ గౌను ఆడపిల్ల ఎలా వేసుకుంటుందో అడగండి."

మార్టిన్ గౌను అటూ ఇటూ తిప్పి చూసి, తేలిగ్గా నవ్వేశాడు. "దీనికా? పిన్నీసు పెట్టుకుంటారు. ఊరికే వచ్చేదానికి ఇన్ని వంకలేంటి సుసన్నా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సుసన్నా మొహం చూసి అతనికే అర్థమై నవ్వు ఆపేశాడు. దయామణికి మాత్రం కొడుకు మాట ఊతమైంది.

"అట్లా చెప్పు! వండుకున్నమ్మకి ఒక కూర, అడుక్కున్నమ్మకి అరవై కూరలని ఊరికే అన్నారా? వాళ్లకి పది ఊళ్ల నుంచి వస్తాయి. మనవి ఒకటి రెండు తక్కువైతే కొంపలేం మునగవు."

"ఆ అడుక్కున్నమ్మని నేనేనత్తయ్యా."

మార్టిన్ గౌను చాప మీద పెట్టేశాడు.

"హాస్టల్లో చదువుకున్నానని మీకు తెలుసు. ఫీజులు కట్టి చదువుకున్నాననుకుంటున్నారు, నేనూ అనుకోనిచ్చాను. సిగ్గుపడి చెప్పలేదు. మా నాన్న పోయాక మా అమ్మ నన్ను ఆ హాస్టల్లోనే వదిలింది. మీ సంచులు వెళ్లేది అక్కడికే. ఏడేళ్లు నా ఒంటి మీద వేసుకున్న ప్రతి బట్టా ఎవరో ఒకరు విడిచిందే." చాప మీది గౌను వైపు చూపించింది. "అయిదో తరగతిలో ఓ పసుపుపచ్చ గౌను వచ్చింది నా వంతుకి. ఎంత బాగుందో! వెనక అయిదు కాజాలు, ఒక్కటే గుండీ. కాలరు కింద మడతలో ఎవరికీ కనబడక మిగిలిపోయినట్టుంది, ఆకుపచ్చ చిలక గుండీ. మిగతా నాలుగింటికీ పిన్నీసులు పెట్టుకున్నాను. లెక్కల్లో ఫస్టొస్తే ప్రైజుకి పిలిచారు. స్టేజీ ఎక్కి దండం పెట్టడానికి వంగాను. పిన్నీసులు పటపటా ఊడిపోయాయి. వీపంతా బయటపడిపోయింది. మూడొందల మంది నవ్వారు. ఒక చేత్తో వీపు మూసుకుని, ఒక చేత్తో ప్రైజు తీసుకున్నాను. ఏడుస్తుంటే ఆయమ్మ ఏమందో తెలుసా?" మార్టిన్ వైపు తిరిగింది. "మీరిప్పుడన్న మాటే. ఊరికే వచ్చేదానికి వంకలేంటని!"

మార్టిన్ తల దించుకున్నాడు. దయామణి చెయ్యి బిస్కెట్ల డబ్బాలోకి వెళ్లింది. ఆ డబ్బాలో ముప్పై ఏళ్ల గుండీలున్నాయి. ఏ బట్టవి ఆ బట్టకి దారానికి గుచ్చి ముడేసి దాచడం ఆవిడ అలవాటు. చాలాసేపు కెలికి, అడుగు నుంచి ఓ దండ పైకి తీసింది.

నాలుగు ఆకుపచ్చ చిలకలు.

"మా షాలోమి గౌనుకివి" అంది. షాలోమి మార్టిన్ అక్క, బాపులపాడులో కాపురం. "క్రిస్మస్‌కి విజయవాడలో కొన్నాం. పొట్టయిపోతే నేనే కోసి సంచిలో వేశాను. అయిదో చిలక కనబడలేదని ఇల్లంతా వెతికించాను కూడా."

సుసన్నా ఆ గుండీలకేసి చూసింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. ఒళ్లంతా మంట పుట్టింది.

"ఇరవై ఏళ్లు! ఇరవై ఏళ్లలో వీటిలో ఒక్క గుండీ అయినా ఎవరి బట్టకైనా కుట్టారా అత్తయ్యా?"

దయామణి డబ్బాలోకి చూసింది. చొక్కాలవీ, గౌన్లవీ, చిన్నప్పటి మార్టిన్ నిక్కర్లవీ వందల గుండీలు. ఎప్పుడైనా ఒకటి ఊడితే బజార్లో కొత్తవి తెప్పించి కుట్టించడమే గానీ, ఆ డబ్బాలోంచి ఒకటి తీసి వాడిన గుర్తు లేదు.

"లేదమ్మా" అంది. "ఒక్కటీ లేదు."

అని, మొహానికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మా అత్తగారు చెప్పింది చేశాను గానీ, ఆ వీపు ఎవరిదని ఒక్కనాడూ ఆలోచించలేదు. నా ఇంటికి రావాల్సిన పిల్లనే నలుగురిలో నవ్వులపాలు చేశాను."

"మీ ఇంటికి రాకపోయినా పిల్లే కదత్తయ్యా" అంది సుసన్నా కటువుగా. ఓదార్చాలనిపించలేదు. అలా అనిపించనందుకు బాధ కూడా పడలేదు.

గేటు బయట ఆటో హారన్ మోగింది. మార్టిన్ అలవాటుగా సంచి మీద చెయ్యి వేశాడు.

"వదులు దాన్ని!" దయామణి కసిరింది. "ఇవాళ మా ఇంటి నుంచి ఏమీ లేదని చెప్పు. ఆదివారం మన పేరు చదవొద్దని కూడా చెప్పు. ఎల్లుండి నేనే తీసుకెళ్లి ఇస్తాను. నువ్వు ఆ సొన చొక్కాలు తీసి తోటలో క్రేట్ల కింద వేసుకో. లోపల సొరుగులో వెయిటు, గాస్కెట్ ఉన్నాయి, ఫ్లాస్కు మూత కూడా తెచ్చి ఇందులో పడెయ్. మనకి కావాలంటే కొనుక్కుందాం."

కొడుకు గేటు వైపు వెళ్లాడు. ఆవిడ సూదీ దారం తెచ్చుకుని కూర్చుంది. కళ్లద్దాలు పెట్టుకున్నా, కన్నీళ్లకి సూది బెజ్జం కనబడలేదు. నాలుగుసార్లు దారం పక్కకి పోయింది. సుసన్నా కాసేపు చూసి, చివరికి ఆ సూది లాక్కుని దారం ఎక్కించి ఇచ్చింది. కోపం తగ్గలేదు. అయినా వెళ్లి చాప మీద అత్తగారికి ఎదురుగా కూర్చుంది.

రెండు చొక్కాలయ్యాక దయామణి ఆ నాలుగు చిలకల్నీ అరచేతిలో పెట్టి కోడలి ముందుకు చాపింది.

"ఇవి నీవేనమ్మా. తీసుకో."

"నాకిప్పుడు గౌనెక్కడుందత్తయ్యా?"

సుసన్నా లేచి గదిలోకి వెళ్లింది. జపమాల దాచుకునే చిన్న సంచీ తెచ్చి, దాని అడుగు నుంచి రంగు వెలిసిన ఒక చిలక గుండీ తీసింది. దాన్ని ఎందుకు దాచుకుందో ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. పొద్దున పక్కన పడేసిన చిన్న గౌను ఒళ్లోకి లాక్కుని, పై కాజా నుంచి మొదలుపెట్టింది. నాలుగు దయామణి చేతిలోవి, అయిదోది తనది. ఒక్కోదానికి రెండు వరసల దారం వేసి, ముడి మీద ముడి వేసింది.

కుట్టడం అయ్యాక గౌను అత్తగారికి అందించింది.

"లాగి చూడండి."

దయామణి ఒక్కో గుండీనీ రెండు వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగింది. అయిదింటిలో ఒక్కటీ కదల్లేదు.