మూల మీట లేని కీబోర్డు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చేసరికి అరవై ఏళ్ళు దాటాయి. ఒత్తు పడాల్సిన చోట పడకపోతే, పడకూడని చోట పడితే, పెద్ద మనసుతో సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం. ఇది రాయడానికి ఒక వానాకాలం పట్టింది. కథ జరిగింది మాత్రం ఆరు రోజులే.

ఇస్త్రీ దుకాణం వెనక గదిలో పెద్దాయన ఫైలు తెరిచాడు. గూఢచారి సంస్థకు ఆయనే అధిపతి. బల్లకు ఇవతల నిలబడ్డ ఏజెంటును ఆ సంస్థలో అందరూ బండరాయి అంటారు. మూడు నెలల క్రితం ఆమె భర్తను బస్టాపులో కాల్చి చంపారు. ఆయనా ఈ సంస్థ మనిషే. శవం ఇంటికి వచ్చిన రోజు ఆమె ఏడవలేదు. మరుసటి వారం డ్యూటీకి వచ్చింది. ఆ పేరు అప్పుడు పడింది.

"కూర్చో తల్లీ."

"పర్లేదు సార్."

"మంచినీళ్ళ స్టేషను. నీళ్ళలో క్లోరిన్ కలిపే వాల్వుని అక్కడ కంప్యూటరు నడుపుతుంది. విదేశీ ముఠా ఒకటి దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ఈ వారంలో ఏదో ఒక రోజు, పొద్దున పదకొండింటికి, వాల్వు పూర్తిగా తెరుస్తారు. ఇక ఆ నీళ్ళు నీళ్ళు కావు, విషం."

"కరెంటు తీసేస్తే?"

"తీస్తే వాల్వు దానంతటదే తెరుచుకునేలా పెట్టారు. పోలీసులు కనబడినా, నీళ్ళు ఆపినా, ఆ క్షణమే తెరుస్తారు. చడీచప్పుడు లేకుండా జరగాలి."

"ఇదంతా చెప్పింది?"

"పగడం."

ఆ పేరు ఆమె విన్నదే. పగడం రంగు లిప్‌స్టిక్, జానెడు మడమల చెప్పులు, నాలుగు పాస్‌పోర్టులు. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోస్తుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రైనర్ వేషంలో ఆ స్టేషనులోనే ఉంది.

"ఆవిడ మన మనిషేనా సార్?"

"తొంభై పాళ్ళు."

"మిగతా పది?"

"అది ఆవిడకే తెలీదనుకుంటా."

పెద్దాయన సామాను బల్ల మీద పెట్టాడు. చెవి కమ్మలో వైర్‌లెస్. పౌడరు డబ్బాలో మత్తుమందు. బొత్తాంలో కెమెరా. ఒక బకెట్టు, ఒక తుడుపుకర్ర. "నువ్వు క్లీనర్‌వి. ఆవిడ 'నేల ఆరిందా' అంటుంది. నువ్వు 'ఆరితే నాకు పనేముంది' అనాలి."

"సరే సార్."

భయమా, ఉత్సాహమా, ఏదైనా అనిపిస్తుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆగి చూసుకుంది. ఏమీ లేదు. బకెట్టు తీసుకుంది.

ఆమె ఇల్లు స్టేషను పక్క వీధిలోనే. స్టేషను పైపుకు మొదటి కొళాయి వాళ్ళదే. ఇంట్లో ఉన్నది అత్తగారొక్కరే. ఆవిడ రోజూ పదకొండు గంటలకు గ్లాసు కొళాయి కింద పెట్టి, ఆ నీళ్ళతో బీపీ మాత్ర వేసుకుంటుంది.

"అత్తయ్యా, ఈ వారం మాత్ర మధ్యాహ్నం వేసుకోండి."

"డాక్టరు పదకొండన్నాడు. నువ్వేమన్నా డాక్టరువా?"

"పోనీ బిందెలో పట్టి పెట్టినవి తాగండి."

"నిలవ నీళ్ళా? కొడుకు పోయాడని నాకు నిలవ నీళ్ళు పోస్తావా?" అత్తగారు కాలి బొటనవేలితో గచ్చును తాకి చూసింది. "నువ్వు తుడిచిన నేల ఏనాడైనా ఆరిందా ఈ ఇంట్లో? ముందు ఆ సంగతి చూసుకో. వైద్యం తర్వాత."

నిజం చెప్పడానికి లేదు. చెబితే మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా వింటుంది. కోడలు గోడ మీది మేకు నుంచి భర్త చేతి గడియారం తీసి, కీ ఇచ్చి, చేతికి పెట్టుకుంది. అందులో సెకను తేడా రాదు.

కంట్రోల్ రూములో ఉండేది ఒక్క మనిషి. డ్యూటీ బాబాయ్. మనిషి భారీ, మోచేతులు ఇంకా భారీ. మాట్లాడటానికి ఎవరైనా దొరికితే చాలు.

"అమ్మాయ్, ఈ కంప్యూటరు కొత్తది. వాల్వు ప్రోగ్రాం మాత్రం పాతది. కొత్త సిస్టంలో అది నడవనంది. అందుకని ట్రైనర్ మేడం పాత సిస్టంని మొత్తం తెచ్చి కొత్తదాని కడుపులో పెట్టింది. వర్చువల్ మిషన్ అంటారట. ఒక్క డబ్బాలో రెండు కంప్యూటర్లు!"

"లోపలిదానికి తెలుసా, తను ఇంకోదాని లోపల ఉన్నట్టు?"

"తెలీదు. అద్దెకున్నవాడు ఇల్లు తనదే అనుకున్నట్టు, అదే అసలు కంప్యూటరు అనుకుంటుంది."

"బయటికి ఎలా వస్తారు బాబాయ్?"

"కుడి మూల మీట నొక్కాలి. నా మోచెయ్యి సరిగ్గా దానిమీదే పడేది. రోజుకి పదిసార్లు తెర చిన్నదైపోయేది. విసుగొచ్చి టిఫిన్ చెంచాతో ఆ మీట పీకి పారేశా." పళ్ళ వరసలో పన్ను ఊడిన సందులా కీబోర్డు మూల ఒక చిన్న గుంట కనబడింది. "మేడం చూసి తిడుతుందనుకున్నా. 'మంచిపని చేశారు' అని నవ్వింది."

బండరాయి ఆ గుంటలో దుమ్మును గుడ్డ కొసతో తుడిచింది.

నాలుగు రోజులు ఒకటే వరస. పొద్దున ఏడింటికి ట్రైనర్ వస్తుంది, చెప్పులు టకటకలాడించుకుంటూ. "నేల ఆరిందా?" అంటుంది. "ఆరితే నాకు పనేముంది?" అని జవాబు. బాబాయ్‌ని టీకి పంపుతుంది, క్లీనర్‌ని వరండాలోకి పంపుతుంది. కాసేపటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తెర మీది గడియారం చేతి గడియారం కన్నా కొంచెం వెనకబడి ఉంటుంది. మొదటి రోజు అర నిమిషం. నాలుగో రోజుకు అంతా కలిపి రెండు నిమిషాలు.

"డబ్బాకి అప్పుడే వయసు మీదపడింది," అన్నాడు బాబాయ్. "నాకులాగే. పోన్లే, నెలాఖరున సరిచేస్తా."

ఐదో రోజు సామాన్ల గదిలో ఆమె కమ్మను నొక్కి ఈ సంగతి చెప్పింది.

"లోపలి మిషన్ని కాసేపు ఆపుతోందన్నమాట," పెద్దాయన గొంతు బరువుగా వినిపించింది. "ఆపినంతసేపు లోపల కాలం నడవదు. ఆ సందులో బయటి సిస్టంలో ఏదో అమర్చుతోంది. ఇది మనకి చెప్పలేదే! ఆ పది పాళ్ళే గెలిచినట్టున్నాయి."

"ఆపినప్పుడు లోపలున్నదానికి ఏమన్నా తెలుస్తుందా సార్?"

"ఏం తెలీదు. మళ్ళీ నడిపిస్తే, ఆగినచోటి నుంచే మొదలుపెడుతుంది."

ఆమె కాసేపు చీపుర్ల వైపు చూస్తూ నిలబడింది.

"ఉన్నావా తల్లీ?"

"ఉన్నాను సార్."

ఆరో రోజు ట్రైనర్ ఏడింటికి రాలేదు. పదిన్నర దాటాక వచ్చింది. బాబాయ్‌ని టీకి తరిమింది. క్లీనర్‌ని మాత్రం ఉండమంది. పెన్ను మొన కీబోర్డు మూల గుంటలో పెట్టి, ఏదో కొట్టి, తెర మళ్ళీ మామూలుగా కాగానే లేచి తలుపు గడియ పెట్టింది. హ్యాండ్‌బ్యాగులోంచి అరచేతిలో పట్టేంత పిస్తోలు తీసింది.

"ఇవాళే," అంది పగడం. "మీ వాళ్ళకి టైం చెప్పాను. మా వాళ్ళకి పని చేసిపెట్టాను. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు."

"బస్టాపులో ఆయన ఎక్కడ నిలబడతారో చెప్పిందెవరు?"

"నేనే. అడుగుతావని ఆరు రోజులుగా చూస్తున్నా." పగడం పిస్తోలు ఇంకాస్త ముందుకు చాచింది. "ఏడవవేం? నన్ను తిట్టవేం?"

బండరాయి బకెట్టులోకి చూసింది. సబ్బు నురుగు ఒక్కో బుడగా పగులుతోంది. అంతే కనిపించింది ఆమెకు. గడియారం పదీ యాభై ఎనిమిది. తుడుపుకర్ర ముంచి, పిండకుండా, తమ ఇద్దరి మధ్యా నేల మీద బారుగా లాగింది.

"తడిగా ఉంది. చూసి నడవండి."

"ఆపు ఆ తుడుపు!" అని పగడం ముందుకు రెండడుగులు వేసింది. రెండోది సబ్బునీళ్ళ మీద పడింది. జానెడు మడమ ఒక దారి పట్టింది, మనిషి ఇంకో దారి. పిస్తోలు బీరువా కిందికి జారిపోయింది. ఏజెంటు పౌడరు డబ్బా తెరిచి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. మూడు లెక్కపెట్టేలోగా కళ్ళు మూతపడ్డాయి.

గడియ తీసేసరికి ఎదురుగా టీ గ్లాసుతో బాబాయ్.

"అయ్యయ్యో, మేడంకేమైంది?"

"జారిపడ్డారు. ఇటు రండి బాబాయ్, తొందరగా."

జడలోంచి పిన్ను తీసి కీబోర్డు మూల గుంటలో గుచ్చింది. తెర గబుక్కున ముడుచుకుంది. బాబాయ్ ఇన్నాళ్ళూ కాపలా కాసిన పంపులు, ట్యాంకులు, అంకెలు అన్నీ అరచేతంత పెట్టెలో పడ్డాయి. వెనక అసలు తెర. దాని నడుమ ఎర్ర అక్షరాలు: క్లోరిన్ వాల్వు, నూటికి నూరు, 11:00:00.

"ఇదేంటమ్మా ఇది! ఎవరు పెట్టారు?"

"తర్వాత చెప్తా. తీసెయ్యండి."

బాబాయ్ అలవాటు కొద్దీ చిన్న పెట్టెలోని గడియారం చూశాడు. పదీ యాభై ఆరు. "ఇంకా నాలుగు నిమిషాలుంది. ఇంజనీరుగారికి ఒక మాట ఫోన్ చేసి..."

ఆమె తన మణికట్టు ఆయన కళ్ళ ముందు పెట్టింది. పదీ యాభై తొమ్మిది, పైన ముప్పై సెకన్లు.

"అది ఆగి ఆగి నడిచింది బాబాయ్. ఇదీ అసలు టైము."

బాబాయ్ టీ గ్లాసు చేతిలోంచి జారింది. మౌసు అందుకున్నాడు. రద్దు నొక్కాడు. 'నిజంగా రద్దు చేయాలా?' అని అడిగింది. నొక్కాడు. 'ఒకసారి ఆలోచించుకోండి' అంది. "దీని తస్సాదియ్యా! మా అత్తగారు కూడా ఇన్నిసార్లు అడగదు!" అని మళ్ళీ నొక్కాడు.

ఎర్ర అక్షరాలు పోయాయి. చేతి గడియారంలో సన్నటి ముల్లు ఒక్క గీత కదిలి పన్నెండు మీదికి చేరింది. పదకొండు.

వాల్వు చప్పుడు రాలేదు. పక్క వీధిలో ఈ క్షణాన ఒక గ్లాసు కొళాయి కింద నిండుతూ ఉంటుంది. ఆమె చెవి కమ్మ గరగరలాడింది.

"ఎలా ఉన్నావు తల్లీ?"

"నేల సగం మిగిలింది సార్."

మనుషులు వచ్చి పగడాన్ని వ్యానులో ఎక్కించేదాకా, ఆమె ఆ మిగిలిన సగం తుడుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. మాత్ర డబ్బా పక్కనే ఖాళీ గ్లాసు. కోడలు ఆ గ్లాసు తీసుకుని, కొళాయి తిప్పి, నిండా పట్టి, నిలబడే తాగింది. మామూలు నీళ్ళు. భర్త గడియారం విప్పి మేకుకు తగిలించింది. తగిలించిన చేతిని వెంటనే తియ్యలేకపోయింది.

"పొద్దున తుడిచి పోయావు, ఇప్పటిదాకా ఆరలేదు," అంది అత్తగారు. "ఇంకెవరింట్లో అయినా అయితే, ఈపాటికి ఎవరో ఒకళ్ళు జారిపడి ఉండేవాళ్ళు."

"పడ్డారు అత్తయ్యా," అంది కోడలు. "ఇవాళే."

రాసింది: పలక పిన్ని అని అందరూ పిలిచే మనిషి. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది నీళ్ళ ట్యాంకు వెనక వీధిలో, మేడ మీది ఒంటి గదిలో.