తెలిసినవాళ్ల ఊరు

“చలిజ్వరం దేనివల్ల వస్తుంది?”

“దోమ కుడితే,” అంది పాంగి చిలకమ్మ. ఆమె తలకు బిగించిన సన్నటి బ్యాండ్‌లో ఆకుపచ్చ దీపం వెలిగింది.

బ్యాండ్ పేరు ‘ఎరుక’. కనిపెట్టింది డాక్టర్ యశోధర. బట్టీపట్టి అప్పజెప్పే మాటకీ, నమ్మి చెప్పే మాటకీ మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలు వేరు. ఎరుక ఆ తేడా పట్టేసి, నమ్మి చెప్పిన మాటకే పచ్చదీపం వెలిగిస్తుంది. జ్వరం సంగతి తెలియని ఊళ్లేవో తేలితే అక్కడికి ముందుగా వెళ్లి చెప్పొచ్చని యశోధర ఆశ. మన్యంలోని ఈ జాజిపుట్టులో ఇంటింటా పచ్చదీపమే. ఆమె పొంగిపోయి ఆ ఫలితాలనూ, ఎరుకనూ రాజధానికి పంపింది.

వానలు పడ్డాక మళ్లీ వచ్చేసరికి చిలకమ్మ కొడుకు దుప్పటి కింద గజగజ వణుకుతున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది.

“దోమతెర ఏది?” మాత్ర మింగించి అడిగింది యశోధర.

“పాతది సిరిగిపోనాది. కొత్తవి మీ ఊరికి నేవన్నారు. మీకన్నీ తెలుసంట కదా!” చిలకమ్మ కళ్లు నిప్పులు కురిశాయి. “తెలివి కప్పుకుని తొంగోమంతావా, డాట్రమ్మా?”

యశోధర రక్తం మరిగిపోయింది. తిన్నగా రాజధానికి వెళ్లి జ్వర నివారణ మండలి కమిషనర్ ముందు నిలబడింది.

“మీ మిషనే కదండీ చెప్పింది?” అన్నాడాయన తాపీగా. “తెలియనివాళ్లకి తెరలిస్తాం. తెలిసినవాళ్లు జాగ్రత్తపడాలి. తెలిసీ జ్వరం తెచ్చుకుంటే అది నిర్లక్ష్యం.”

“తెలిసినవాణ్ని దోమ కుట్టదా?” ఆమె బల్ల మీద చరిచింది. “నా ఎరుక నాకిచ్చెయ్యండి!”

“అదిప్పుడు సర్కారు సొత్తమ్మా. వచ్చే ఏడు అన్ని జిల్లాల్లోనూ పెడుతున్నాం.”

బజారులో దొరికినన్ని దోమతెరలు జీపుకెత్తించుకుని ఆమె జాజిపుట్టు చేరింది. కుర్రాడు కోలుకుని అరుగు మీద కూర్చున్నాడు. యశోధర ప్రాణం లేచొచ్చింది.

“జ్వరం ఎందుకొచ్చిందో తెలుసా, నాయనా?”

“వాగు నీళ్లు తాగినాను కదా. అందుకే,” అన్నాడు వాడు, కళ్లలోకి సూటిగా చూస్తూ.

“కాదు నాయనా, నిన్ను...”

చిలకమ్మ ఒక్క ఉదుటున వచ్చి కొడుకు చెవులు రెండూ గట్టిగా మూసేసింది.

“ఆడికి సెప్పకు! మేం తెలిసి సెడిపోనాం. ఈ గుంటడైనా తెలీకుండా పెరగనీ. అప్పుడు ఆడికి తెరొస్తాది.”