దానమ్మకు చావు లేదు

పాతపట్నం సంత ముగిసేసరికి పొద్దు వాలింది. ఎండుచేపల గంపలూ, బెల్లం దిమ్మలూ, ఒరిస్సా వైపు నుంచి వచ్చిన కుండలూ బళ్లెక్కి వెళ్లిపోయాయి. ఖాళీ అయిన రేకుల పాకలో ఆ వాసనలు మాత్రం మిగిలాయి. వాటి మధ్యే నగరేశ్వరరావు తెర కట్టిస్తున్నాడు.

అతను విజయనగరంలో బట్టలకొట్టు శెట్టిగారి కొడుకు. చదువు మధ్యలో వదిలేశాడు, కొట్టు తండ్రికే వదిలేశాడు, ఛాయానృత్య బృందం పెట్టాడు. అతని మనుషులు తెర ముందుకు రారు. తెర వెనక నేల మీద పెట్రోమాక్స్ లైటు. దానికీ తెరకీ మధ్య వాళ్లు. చూసేవాళ్లకు కనబడేది నీడలే. ఇద్దరు వంగితే ఎడ్లు. ఒకడు చేతులు చక్రంలా తిప్పితే బండి. దీపం ముందు జల్లెడ ఆడిస్తే తెరంతా వాన. దీపానికి దగ్గరగా జరిగేకొద్దీ నీడ తాడిచెట్టంత అవుతుంది. కామందు నడిచేది అలాగే.

విశాఖపట్నంలో ఆడినప్పుడు పెద్దమనుషులు "వెలుగునీడల కవిత్వం" అన్నారు. కాఫీలు తాగి ఇళ్లకు పోయారు. ఆకలి చూపిస్తే కవిత్వమట. ఆ మాట తలుచుకుంటే నగరేశ్వరరావుకి ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. కళ ప్రజలదన్నాడు, పల్లెలకు పదండన్నాడు. భోగాపురం, ఎచ్చెర్ల, దారిలో తగిలిన ప్రతి సంతా తిరిగారు. తిరిగీ తిరిగీ ఇప్పుడెవరి ఒంట్లోనూ సత్తువ లేదు. అతని కోపం కూడా అరిగిన చెప్పులా తయారైంది. పారేయలేడు, వేసుకుని నడవలేడు.

"మాస్టారూ, విప్లవం వొచ్చీలోగా కాసింత సోడంబలి వొస్తాదేటి?" అన్నాడు ఎర్రన్న, మద్దెల బిగిస్తూ. అతను పాత భాగవతుల మేళం నుంచి వచ్చినవాడు.

"ఆట అయ్యాక."

"మీ విప్లవమూ అంతేనండి. ఎప్పుడడిగినా ఆటయ్యాకే."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికీ ఓపిక ఉండాలి.

నీలవేణి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమెది దానమ్మ వేషం. దానమ్మ నిజంగా బతికిన మనిషి. కొండ అంచున కౌలుకు దున్నుకునేది. కళ్లంలో ధాన్యం ఎత్తుకుపోవడానికి కామందు బళ్లు వస్తే, రెండు చేతులూ బారజాపి అడ్డంగా నిలబడింది. బండి ఆగలేదు. పేపర్లో అంగుళం వార్త వచ్చింది. అది చదివిన రాత్రి నగరేశ్వరరావు నిద్రపోలేదు; తెల్లారేసరికి నాట్యం కట్టాడు.

"మాస్టారూ," అంది నీలవేణి గొంతు తగ్గించి. "ఈయేల నినాదం వొద్దు."

"మళ్లీ మొదలెట్టావా?"

"నిన్న ఆటయ్యాక నా సేతులు దిగనేదు. మీరు సూసినారు కదా. గౌరి అన్నం తినిపించింది. సేతులు సాపుకునే తొంగున్నాను."

చూశాడు. బృందంలో రెండో ఆడపిల్ల గౌరి ముద్దలు పెట్టడమూ చూశాడు. నరాలు పట్టేశాయన్నాడు, ఆముదం రాయమన్నాడు. మొదట్లో ఆట కాగానే దిగిపోయేవి ఆ చేతులు. తర్వాత తర్వాత ఆలస్యమవుతూ వచ్చింది.

"నేను ఎత్తడం నేదు మాస్టారూ. ఆ దానమ్మే ఎత్తతంది. ఈయేల దిగకపోతే ఇంక దిగవు నాకు. తెలిసిపోతంది."

ఎర్రన్న మద్దెల మీంచి తలెత్తలేదు. "మా మేళంలో సచ్చిపోయిన పాత్రని ఆట సివర మంగళం పాడి, హారతిచ్చి, పేరెట్టి పంపీసీవోళ్లం. ఎళ్లిరా తల్లీ అని. పిలిసినోళ్లం పంపొద్దేటండి?"

ఆ మంగళాన్ని తీసేసింది నగరేశ్వరరావే. రాజులకు పాడిన జోలపాటలు మనకెందుకన్నాడు. దాని స్థానంలో నినాదం పెట్టాడు. అతను "దానమ్మకు" అంటే జనం "చావు లేదు" అనాలి. పిడికిళ్లు లేవాలి. ఊరూరా లేచాయి కూడా.

వాదించడానికి నోరు తెరిచాడు. భూతాలూ, భ్రాంతులూ, వెనకబాటుతనం, అన్ని మాటలూ నాలుక మీదే ఉన్నాయి. నీలవేణి కళ్ల కింద నలుపు చూశాడు. 

"సరే. ఈ పూటకు నినాదం లేదు. మంగళమే పాడండి."

చీకటి పడగానే జనం వచ్చారు. పాకలో చుట్టపొగ నిండింది. తెర వెనక పెట్రోమాక్స్ బుస్సుమంటోంది. నగరేశ్వరరావు తెర పక్కన, రెండు వైపులా కనబడేచోట నిలబడ్డాడు. ఎడ్లు నడిచాయి. వాన కురిసింది. పైరు లేచింది. జనం ఊపిరి బిగబట్టారు.

దానమ్మ వచ్చింది. చేతులు చాపింది.

ఇక్కడ నీలవేణి అడుగులో అడుగు వేసుకుంటూ దీపం వైపు వెనక్కి నడవాలి. నీడ పెరిగి పెరిగి తెర దాటిపోవాలి. అదే అతను కనిపెట్టిన గొప్ప దృశ్యం.

నీడ పెరిగింది. భుజాలు తెరంత అయ్యాయి. వేళ్లు అంచులు దాటి రేకుల మీదికి పాకాయి.

అతను తెర వెనక్కి చూశాడు.

నీలవేణి కదలలేదు. తెరకు ఆనుకున్నంత దగ్గరగా, మొదట నిలబడ్డచోటే ఉంది. కళ్లు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"అలిసిపోనాను… ఒగ్గీండి… నన్నొగ్గీండి…"

వదిలేయమంటున్న ఆ గొంతు నీలవేణిది కాదు. వయసు మళ్లిన గొంతు.

నగరేశ్వరరావు ఎర్రన్నకు సైగ చేశాడు. మద్దెల నెమ్మదించింది. గౌరి కర్పూరం వెలిగించింది. మంగళం ఎత్తుకున్నారు. వణుకుతూ, తప్పులు పాడుతూ… తెర మీద ఆ పెద్ద చేతులు ఒక్క జాన కిందికి వంగాయి. నీలవేణి మోచేతులు కూడా. ఆమె ముఖంలోకి నెత్తురు తిరిగి వస్తున్నట్టనిపించింది. ఇంకాస్త. ఇంకాస్త…

జనంలోంచి ఒకడు లేచాడు. వెనకటి ఏదో సంతలో ఆట చూసినవాడే అయ్యుండాలి. పిడికిలెత్తాడు.

"దానమ్మకు…"

"సావు నేదు."

పాకంతా ఒక్క గొంతయింది. నగరేశ్వరరావు ముందుకొచ్చి చేతులు అడ్డంగా ఊపాడు. ఆపండి అన్నాడు. ఉత్సాహపరుస్తున్నాడనుకున్నారు. ఇంకా గట్టిగా అన్నారు. అతను నేర్పిన మాట, అతను నేర్పినట్టే. ఆడవాళ్లు కూడా అంటున్నారు. చంకలో పిల్లలు కూడా…

తెర మీద చేతులు తాళ్లు కట్టి లాగినట్టు పైకి లేచాయి. ఎక్కడో ఎముక పుటుక్కుమంది.

అతను పరుగున వెళ్లి పెట్రోమాక్స్ గాలి తీసేశాడు.

చీకటి.

జనం చప్పట్లు కొట్టుకుంటూ బయటికి పోతున్నారు. అతను తడుముకుంటూ వెళ్లాడు. గుడ్డ తగిలింది. భుజం తగిలింది. చెయ్యి దొరికింది. చల్లగా ఉంది. పట్టుకుని లాగితే మారుమాట లేకుండా వెంట వచ్చింది. పాక వెనక, ఎడ్లు విప్పిన బండి నొగ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూలబడ్డాడు. బయట కూడా చీకటే.

"చేతులు దిగాయా?"

"దిగినాయి."

గుసగుసే. అయినా ఆ ఒక్క మాటకే అతని గుండెల మీంచి బండరాయి తొలగింది. ఒళ్లో పెట్టుకున్న ఆమె చేతుల్ని తడిమి చూశాడు. నిజంగానే దిగాయి. ముడుచుకుని, మెత్తగా ఉన్నాయి.

"ఆ దృశ్యం తీసేస్తాను. ఇంక ఎవరూ ఆడరు."

"ఊఁ."

ఆమె తల అతని భుజం మీదికి వాలింది. ఎంత బరువు… ఎన్నాళ్లుగానో నిలబడే ఉన్న మనిషి బరువు. అతనికీ కళ్లు మూతలు పడుతున్నాయి.

పాకలో వెలుతురు వచ్చింది. ఎర్రన్న పెట్రోమాక్స్ మళ్లీ వెలిగించినట్టున్నాడు. తడిక సందుల్లోంచి అతని గొంతు వినిపించింది.

"మాస్టారూ… ఇటు రండి ఓపాలి."

"ఏంటి?"

"నీలవేణండి. సేతులు సాపుకుని తెరకాడే నిలబడున్నాది. పిలిస్తే పలకడం నేదు. కళ్లు తెరవడం నేదు. మీరొచ్చి పిలవండి."

నగరేశ్వరరావు పక్కకు తిరగలేదు.

లేవాలి. లోపల ఆ పిల్ల నిలబడి ఉంది. లేవాలి… భుజం మీద తల కదలలేదు. చెవి దగ్గర ఊపిరి తగిలింది.

"నన్నింక లేపకు బాబూ…"

"మాస్టారూ," లోపల్నుంచి ఎర్రన్న మళ్లీ పిలిచాడు. 

నగరేశ్వరరావు లేవడానికి నొగ పట్టుకున్నాడు.  చీకట్లో, అతని భుజం మీద, సన్నగా గురక మొదలైంది.