ఆన్‌సెట్ అంటే ప్రారంభోత్సవం కాదు

ఉదయం ఏడూ ముప్ఫై అయిదు. సెలూన్‌లో మూడో కుర్చీలో వాలిన మనిషి ముఖం మీద వేడి టవల్ ఉంది. బార్బర్ కత్తికి పదును పెట్టుకుని వచ్చి టవల్ తీశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ప్రాణం లేదు. చెవి వెనక ఆవగింజంత ఎర్రటి చుక్క. సూది పోటు.

ఇంతసేపూ పక్క కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దమనిషి, పేపరు మడవనైనా మడవకుండా మాయమయ్యాడు.

చనిపోయినవాణ్ణి గూఢచారి బ్యూరోలో సన్నాయి అనేవారు. ఎప్పుడూ ముక్కుతో కూనిరాగాలు తీస్తుండేవాడు. రెండేళ్ళుగా విదేశీ ముఠాలో దూరి పనిచేస్తున్న మన మనిషి. పావుగంటలో అక్కడికి చేరిన ఏజెంట్ అతని ఎడమ బూటు మడమ తిప్పి, లోపలున్న మడత కాగితం తీసుకుంది. తర్వాత అతని కళ్ళు మూసింది.

ఆమెకు నలభై రెండేళ్ళు. బ్యూరోలో చేరకముందు పన్నెండేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. కోడ్ నేమ్ ఏదైనా అందరూ పంతులమ్మ అనే పిలుస్తారు, కొంచెం వెటకారంగానే. సన్నాయి ఒక్కడే అక్కా అనేవాడు. వాడికి ఇంగ్లీషు నేర్పింది ఆమే.

తొమ్మిదింటికి బ్రీఫింగ్. బల్లకు ఆ చివర చీఫ్. ఆయన పంతులమ్మ భర్తకు అన్నగారు. ఇంట్లో బావగారు, ఆఫీసులో సార్. రెండు చోట్లా తనదే చివరి మాట అని ఆయన నమ్మకం.

ఆయన కుడిపక్కన మూడు పేటల ముత్యాల హారంతో ఒకావిడ. బ్యూరోలో ఆమెను ముత్యాలావిడ అంటారు. ఆరేళ్ళుగా డబుల్ ఏజెంట్. ఆవిడ మా మనిషని ముఠా అనుకుంటుంది, మా మనిషని బ్యూరో అనుకుంటుంది. నగరంలో ఆవిడని మించిన దుబాసీ లేదు. పదకొండు గంటలకు పొరుగు దేశంతో జరిగే శాంతి ఒప్పందంలో మంత్రిగారి పక్కన కూర్చునేది కూడా ఆవిడే.

సన్నాయి కాగితం మీద ఇంగ్లీషులో నాలుగే ముక్కలున్నాయి. కమెన్స్‌మెంట్ దగ్గర ఏమీ వద్దు. ఆన్‌సెట్ దగ్గర కదలండి. ఆరిజిన్ శుభ్రం. సోర్స్ సిద్ధం.

"ఇది ముఠా భాష," అంది ముత్యాలావిడ, కాగితాన్ని వేలి చివర్లతో తోస్తూ. "అన్నిటికీ ఒకటే అర్థం. మొదలు. ఇప్పుడు మొదలుపెట్టద్దు, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చూద్దాం అని. ఒప్పందం సభ మీద వాళ్ళనుకున్న దాడి వాయిదా పడింది."

చీఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిది. హాల్లో అదనపు గార్డుల్ని తీసేద్దాం. విదేశీ అతిథుల ముందు అన్ని తుపాకులు బాగుండవు."

"ఒకటే అర్థం కాదు సార్," అంది పంతులమ్మ.

"మళ్ళీనా?"

"కమెన్స్‌మెంట్ అంటే పద్ధతిగా, అందరి ఎదుటా జరిగే ప్రారంభం. సభ మొదలవడం లాంటిది. ఆన్‌సెట్ వేరు. చెడ్డది వచ్చి మీద పడటం. జబ్బు లక్షణాలు కనపడే క్షణం. జ్వరానికి ఎవరైనా రిబ్బన్ కత్తిరిస్తారా?"

"ఆరిజిన్, సోర్స్? అవీ వేరేనా?"

"నా పుట్టిల్లు ఆరిజిన్ సార్. రోజూ నాకు చివాట్లు వచ్చే ఈ గది సోర్స్."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"పుట్టిన చోటు వేరు, ఇప్పుడు అందుతున్న చోటు వేరు. మనం నీళ్ళ సీసాల కంపెనీని తనిఖీ చేశాం. శుభ్రంగానే ఉంది. అది ఆరిజిన్. జబ్బు మాట వాడారంటే పెట్టేది విషం. అది హాల్లో కలుస్తుంది, అదీ సోర్స్. మంత్రిగారికి లక్షణాలు కనపడగానే ముఠా కదులుతుంది."

చీఫ్ బల్ల మీద చరిచాడు. "ఆవిడ ఆ ముఠాలో ఆరేళ్ళుంది! నువ్వు క్లాసు రూములో ఉన్నావు. నీ సీటుకెళ్ళి కూర్చో. ఇది ఆర్డర్."

పంతులమ్మ లేచింది. గొంతు పెంచలేదు. "సన్నాయి ఒక్క అక్షరం మార్చకుండా రాశాడు సార్. ఆ నాలుగు మాటల కోసమే వాణ్ణి చంపారు. వాటిని ఒక్క మాట కింద రుబ్బేస్తే నేనొప్పుకోను."

ఐడీ కార్డు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

మెట్లు దిగుతుండగా అసలు సంగతి తట్టి ఆగిపోయింది. మామూలు మనిషి ఆ మాటలన్నీ కలిపేశాడంటే తెలియక అనుకోవచ్చు. మాటకూ మాటకూ మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే వృత్తిగా బతికే ముత్యాలావిడ కలిపేసిందంటే, తెలిసే కలిపింది.

పదిన్నరకల్లా పంతులమ్మ కాన్ఫరెన్స్ హాలు వంటగదిలో ఉంది. తెల్లకోటు, తల మీద టోపీ, చేతిలో ట్రే. జేబులో బ్యూరో పెన్ను. విషం తగిలితే దాని పాళీ ఊదారంగుకు తిరుగుతుంది. సీల్ వేసిన సీసాలు అయిదు విప్పి పాళీ ముంచింది. రంగు మారలేదు. హాల్లో మంత్రిగారి బల్ల వెనక నీళ్ళ ఫిల్టరు ఒకటుంది, అందరూ నింపుకునేది అక్కడే. ఈ సీసాల నీళ్ళే అందులో పోస్తారు. ట్రేతో అక్కడికెళ్ళి గ్లాసు పట్టి కుళాయి తిప్పింది. పాళీ ముంచింది.

ఊదారంగు.

చెవిదుద్దులో ఉన్న మైకు నొక్కింది. "సార్, పాళీ రంగు తిరిగింది. మనుషుల్ని పంపండి. నా మీద కోపం తర్వాత చూపిద్దురుగాని."

 అవతల కుర్చీ జరిపిన చప్పుడు.

హాల్లో చప్పట్లు. సభ మొదలైంది. ముత్యాలావిడ స్వయంగా గ్లాసు నింపి మంత్రిగారి చేతికిచ్చింది. గ్లాసు ఆయన పెదవుల దాకా వెళ్ళింది. పంతులమ్మ చేతిలో ట్రే గాల్లోకి లేచి ఆయన మణికట్టుకు తగిలింది. సగం నీళ్ళు ఒలికాయి. ఆమె గ్లాసు లాక్కుంది.

"ఎవరు నువ్వు?" మంత్రిగారు లేచారు.

"పిచ్చిదండీ," అంది ముత్యాలావిడ చల్లగా. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కదానివే వచ్చావంటే నీ మాట ఎవరూ నమ్మలేదన్నమాట, పంతులమ్మా."

"నమ్మలేదు. అయినా వచ్చాను." పంతులమ్మ మిగిలిన సగం గ్లాసు ఆవిడ ముందు పెట్టింది. "ఇది మీరు తాగండి. ఇక్కడే ఇందరి ముందూ మీ కాళ్ళు పట్టుకుని క్షమాపణ చెప్పుకుంటాను."

ముత్యాలావిడ నవ్వు చెదరలేదు కానీ, చెయ్యి గ్లాసు వైపు కదలలేదు. మంత్రిగారు గ్లాసునూ ఆవిడనూ మార్చి మార్చి చూశారు.

ఆవిడ వేళ్ళు హారం వైపు వెళ్ళాయి. పంతులమ్మ అంతకంటే ముందే పట్టి లాగింది. ముత్యాలు నేలంతా దొర్లాయి. అందులో ఒకదానికి మాత్రం సూది ఉంది, సన్నాయిని చంపిన సూదిలాంటిదే. పంతులమ్మ ఆవిడ చెయ్యి వెనక్కి మెలితిప్పి, మణికట్టుకున్న ట్రాన్స్‌మిటర్ వాచీ ఊడదీసుకుంది.

అప్పటికి వెనక తలుపులోంచి చీఫ్, పన్నెండుమంది గార్డులు వచ్చారు. ఆయన ఊదారంగు పాళీ వైపు చూసి, ముత్యాలావిడను పట్టుకోమని గార్డులకు సైగ చేశాడు.

"మంత్రిగారూ, పది నిమిషాలు జబ్బు పడతారా?" అంది పంతులమ్మ.

"జబ్బా?"

"నటిస్తే చాలండి."

మంత్రిగారు రాజకీయాల్లో ముప్ఫై ఏళ్ళు నెగ్గుకొచ్చినవారు. కడుపు పట్టుకుని కుర్చీలో ఒరిగిపోయిన తీరుకు గార్డులే కంగారుపడ్డారు. పంతులమ్మ వాచీ దగ్గర పెదవులు పెట్టింది. గుసగుసలో గొంతులన్నీ ఒకలాగే ఉంటాయి.

"ఆన్‌సెట్."

ఎవరూ పిలవకుండానే మూడు నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. డాక్టరు, నలుగురు సహాయకులు, స్ట్రెచర్. డాక్టరు మంత్రిగారి నాడి పట్టుకుని గంభీరంగా తలూపాడు. "వెంటనే తీసుకెళ్ళాలి."

"ఎక్కడికి? సరిహద్దు దాటించా?" అన్నారు మంత్రిగారు కళ్ళు తెరిచి.

గార్డులు చుట్టుముట్టారు. తుపాకీ ఒక్కటి కూడా పేలలేదు. ముత్యాలావిడను తీసుకెళ్తుంటే ఆవిడ పంతులమ్మ ముందు ఆగింది.

"ఒక్క మాట పట్టుకుని ఇంత చేశావా?"

"ఒకటి కాదు, నాలుగు. మా సన్నాయి రాసినవి."

పదకొండూ నలభైకి ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

మూడో రోజు పంతులమ్మకు రెండు కవర్లొచ్చాయి. ఒకదాంట్లో ప్రశంసాపత్రం. రెండోదాంట్లో చీఫ్ సంతకంతో సంజాయిషీ మెమో. ఆమె అవిధేయత ఫలానా తేదీ ఉదయం తొమ్మిదీ నలభైకి కమెన్స్ అయినట్టు అందులో రాశారు.

ఆమె ఎర్ర పెన్ను తీసి మెమో అడుగున జవాబు రాసి తిప్పి పంపింది: "కమెన్స్ అన్న మాట సరిగ్గా సరిపోయింది సార్, అది పద్ధతి ప్రకారం పదిమంది ఎదుట మొదలైనదే. తేదీ ఒక్కటే తప్పు. మా పెళ్ళి తేదీ మీ తమ్ముణ్ణి అడిగి వేయించగలరు."