జ్ఞానమ్మ ఫిల్టరు

దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో ఏజెంట్ సీమోను బైకును లారీ గుద్దింది. లారీ ఆగలేదు. వెనకే వచ్చిన తెల్ల కారు మాత్రం ఆగింది. సీమోను జేబులోని, దుమ్ము కొలిచే ఫిల్టరు ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు.

మర్నాడు ఏజెంట్ రిజ్వానాకు చీఫ్ ఫోన్ చేశాడు.

"మార్కాపురం పలకరాయి విదేశాలకు పోవాలంటే ఏటా ఎన్విరాన్‌మెంటల్ ఆడిట్ జరగాలి. కార్మికులు పీల్చే దుమ్ము హద్దు దాటితే బయ్యర్లు సరుకు తీసుకోరు. అప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు దుమ్మును లాగేసే మిషన్లు పెట్టాల్సిందే. ఒక విదేశీ ముఠా కన్సల్టెన్సీ ముసుగులో ఫిల్టర్లు మార్చి సర్టిఫికెట్లు అమ్ముతోంది. ఈసారి అసలు ఫిల్టరు ల్యాబుకు చేరాలి."

"లోపల మన మనిషి?"

"హెలెన్. ఆ కన్సల్టెన్సీలోనే ఉంది. కోడ్: శ్రీశైలం బస్సు పోయిందా?"

రిజ్వానా టెక్నీషియన్ వేషంలో ఫ్యాక్టరీకి వెళ్ళింది. గేటు దగ్గరే నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు వాసన ఎదురయ్యాయి.

"శ్రీశైలం బస్సు పోయిందా?"

"పోయింది. సీటు మాత్రం దొరకదు," అని నవ్వింది హెలెన్.

లోపల రాయి కోసే మిషను దగ్గర జ్ఞానమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేస్తోంది. కనురెప్పలు కూడా బూడిదరంగుకు తిరిగాయి. రిజ్వానా ఆమె నడుముకు గాలి లాగే చిన్న పంపు కట్టి, భుజానికి నల్ల ఫిల్టరు బిళ్ళ తగిలించింది.

"ఏంది పాపా ఇది?"

"నువ్వు పీల్చే దుమ్మెంతో చెబుతుందక్కా. సాయంత్రం దాకా తీయొద్దు. శానా ఖరీదు, జాగ్రత్త."

"మా ఆయన ఈ దుమ్ముకే దగ్గి దగ్గి పోయినాడు. దీంతోనన్నా మిషన్లు పెడతారా?"

"పెట్టక తప్పదు."

"అట్లయితే నాది పూచీ. బిడ్డ మాదిరి చూసుకుంటా."

సాయంత్రం జ్ఞానమ్మ బిళ్ళను రెండు చేతుల్లో పెట్టుకుని అందించింది. ల్యాబులో తప్ప దాన్ని తెరవకూడదు. రిజ్వానా పెట్టెలో పెట్టింది. ఇద్దరూ హెలెన్ తెల్ల కారులోనే కొరియర్ ఆఫీసుకు వెళ్ళారు.

గుమాస్తా టేపు లాగాడు.

"ఆగండి!"

రిజ్వానా బిళ్ళ తీసి వెనక్కి తిప్పింది. పొద్దున తాను గుర్తుకోసం ఉంగరంతో పెట్టిన గీత లేదు. హెలెన్ మణికట్టు ఒడిసిపట్టి హ్యాండ్‌బ్యాగ్ గుమ్మరించింది. పౌడర్ డబ్బాలో, అద్దం కింద, గీత ఉన్న బిళ్ళ.

"సీమోనునూ నువ్వే పట్టిచ్చావు."

"దుమ్ము లెక్క తేలిస్తే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది రిజ్వానా," హెలెన్ పెదవి విరిచింది. "నీ జ్ఞానమ్మక్క అప్పుడేం తింటుంది?"

బయట కాపు కాసిన మఫ్టీ పోలీసులు హెలెన్‌ను తీసుకెళ్ళారు. రెండు బిళ్ళలూ ల్యాబుకు చేరాయి.

వారం తర్వాత ఫోన్‌లో చీఫ్ గొంతు చిన్నగా వినిపించింది. "నమ్మకం కుదరాలని ముఠా తన దొంగ ఫిల్టరు మీద కాస్త దుమ్ము చల్లింది. అసలు ఫిల్టరు మీద ఆ కాస్త దుమ్ము కూడా లేదు."

రిజ్వానా ఫ్యాక్టరీకి పరుగెత్తి, బిళ్ళ మీద దుమ్మెందుకు లేదని అడిగింది.

"దుమ్ము పడనిస్తానా పాపా?" జ్ఞానమ్మ మొహం వెలిగింది. "ఖరీదంటివి గదా. నువ్వట్ల పోంగానే నా ముక్కు గుడ్డ విప్పి నాలుగు మడతలేసి దానికి చుట్టినా."

"మరి నీ ముక్కుకు?"

"ఉండేది ఒకటే గుడ్డ గదా."

దగ్గు ఆమెను నడుం దాకా వంచేసింది. తేరుకున్నాక అడిగింది: "మిషన్లు ఎప్పుడొస్తాయి?"

మళ్ళీ ఆడిట్ వచ్చే ఏడాదే. ఫ్యాక్టరీకి సర్టిఫికెట్ మాత్రం ఆ సాయంత్రమే వచ్చింది. ఈసారి అసలైనదే.