నాలుగో నిమ్మకాయ

పాత టైర్ల గుట్ట వెనక ముత్తు పడి ఉన్నాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవిదాకా తెగింది.

బాబు తన తోటి ఏజెంట్ కళ్లు మూశాడు. రాత్రి ఒకే ఆకులో పరోటా పంచుకు తిన్న మనిషి! ఏడవడానికి కూడా తీరిక లేని పాడు ఉద్యోగం. శవం మీద టార్పాలిన్ కప్పి, స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. లోపలి ట్రాన్స్‌మిటర్ గుర్రుమంది.

"ముత్తును చంపేసినారు సార్."

అవతల నుంచి చీఫ్ కన్నప్పన్ ఆదేశాలు వచ్చాయి.

"శత్రు గూఢచారి విక్టర్ తన కారు పికప్ పెంచుకోవడానికి నీ షెడ్డుకే వస్తాడు. ధర్మపురిలో ఆ పని తెలిసిన మెకానిక్ నువ్వొక్కడివే. డిక్కీలో సైంటిస్ట్ మాదేశ్వరి ఉంది. ఆమె దేశం దాటితే మన మిసైల్ రహస్యాలన్నీ దాటినట్టే. తుపాకీ వద్దు, ఆమెకు తగులుతుంది. కమాండోలు వచ్చేదాకా కారు కదలకూడదు. విక్టర్ పక్కనే మన ఏజెంట్ వినోదిని ఉంది. కోడ్, కడత్తూరు టమాటా."

మధ్యాహ్నం ఎర్రటి టర్బో కారు షెడ్డు అదిరేలా వచ్చి ఆగింది. ఎద్దు మెడ విక్టర్ దిగి, ఒక డబ్బా విసిరాడు.

"కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ఫాస్ట్!"

ఇంజన్‌కు చల్లగాలి ఎక్కువ అందితే పికప్ పెరుగుతుంది. వెంటపడే పోలీసు జీపులను దుమ్ములో వదిలేసి పోవచ్చని వాడి లెక్క. బాబు బానెట్ ఎత్తి, కంపెనీ ఫిల్టర్ డబ్బా ఊడదీశాడు.

నల్ల కళ్లద్దాలు, పట్టు చీర, పెట్రోలు వాసనను మింగేసే సెంటు. వినోదిని పక్కకొచ్చి వంగింది.

"కడత్తూరు టమాటా బాగుందా?" అని గుసగుసలాడింది. "జాగ్రత్త బాబూ. ముత్తు గొంతు కోసినట్టే నిన్నూ కోస్తారు."

బాబు చెయ్యి ఆగలేదు. గుండె ఆగింది. గొంతు సంగతి తను చీఫ్‌కే చెప్పలేదు! ఓసి నీ కడుపు కాలా, నువ్వా!

కొత్త పైపు కూర్చాడు. సెన్సర్ వైరు తగిలించాడు. ఇక పైపును బిగించే క్లాంపు ఒక్కటే మిగిలింది. కమాండోల జాడ లేదు.

"ఫినిష్?" విక్టర్ గద్దించాడు.

"ఉండండి విక్టర్! నిమ్మకాయ పెట్టకుండా బండి తీయకూడదు. పోయిన తడవ వద్దంటిరి, టైరు పేలలేదా?" వినోదిని పట్టుబట్టింది. దేశాన్ని అమ్మేసింది గానీ, పుట్టిన ఊరి భయాన్ని వదులుకోలేకపోయింది మహాతల్లి.

విక్టర్ ఉమ్మేసి, సరేనన్నాడు.

బాబు దేవుడి పటం దగ్గరి నాలుగు కాయలు తెచ్చాడు. మూడు, చక్రాల కింద పెట్టాడు. నాలుగోదాన్ని గ్రీజు గుడ్డలో చుట్టి, చివరి క్లాంపు బిగిస్తున్నట్టు నటిస్తూ పైపులోకి తోశాడు. మెల్లగా పోతే అది పైపు వంపులోనే ఉంటుంది. గట్టిగా తొక్కారో, గాలి దాన్ని లాగి ఇంజన్ నోరు మూసేస్తుంది.

బానెట్ మూశాడు. వెంటనే విక్టర్ చేతిలోని జాక్ రాడ్ అతని మోకాలి మీద పడింది. ఎముక పుటుక్కుమంది. బాబు గోడవారన కూలబడ్డాడు.

"పని అయ్యేదాకే నువ్వు కావాల్సి ఉండె," అంది వినోదిని కారెక్కుతూ.

విక్టర్ స్టీరింగ్ ముందు కూర్చుని, కారు మెల్లగా వెనక్కి తీశాడు. కాయలు పచ్ పచ్‌మని చితికాయి. ముందు చక్రాల దారి నేరుగా బాబు గుండెల మీదికి ఉంది.

"మూడే చితికినాయి," వినోదిని ఉలిక్కిపడింది. "నాలుగోది ఏది?"

విక్టర్ ఆక్సిలేటర్ అడుగంటా తొక్కాడు. కారు ఎగిరి దూకింది, దగ్గింది, చచ్చింది. బంపర్ బాబు ఛాతీకి జానెడు దూరంలో ఆగింది.

బాబు ఒంటికాలి మీద లేచి కిటికీలోంచి స్పానర్‌తో కొట్టాడు. "ఇది ముత్తుకు!" విక్టర్ దవడ పగిలి, పళ్లు డాష్‌బోర్డు మీద రాలాయి. వినోదిని తలుపు తీసి పేల్చింది. బాబు చెవి తమ్మె ఎగిరిపోయింది. అతను కారును పట్టుకుని కుంటుతూ వెళ్లి, ఆమె మణికట్టు నలిగేలా తలుపు మూశాడు. పిస్తోలు కింద పడింది.

డిక్కీ తెరిచాడు. మాదేశ్వరి నోటి టేపు మధ్య ఊపిరి తీస్తోంది. బయట కమాండోల జీపులు కీచుమన్నాయి. అప్పుడు టైర్ల గుట్ట వైపు చూసి, బాబు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

విరిగిన చేతిని పొట్టకు అదుముకుంటూ వినోదిని పళ్లు కొరికింది. "నాలుగోది ఏడ పెట్టినావురా?"

బాబు చెవి నెత్తురు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"పెట్టమన్నది నువ్వే కదక్కా. ఏడ పెట్టాలో చెప్పలేదు."