సల్లగా ఉండాయి

పదిహేడో రోజు ఉదయం ఎనిమిదింటికి, షెడ్డులో వేలాడే యంత్రపు రెక్క కింద వేడి ముప్పై ఆరు డిగ్రీలు చూపిస్తోంది. ఉండాల్సింది ఇరవై తొమ్మిది.

కోడిపిల్లలన్నీ రేకు కంచె అంచుకి చేరి, నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. కుందన వాచీ చూసుకుంటూ నిలబడింది. రెండు నిమిషాలకి రెక్క ఆ రొప్పు విని వేడి తగ్గించింది. ముప్పై నాలుగు. ముప్పై ఒకటి. పిల్లలు మెల్లగా ఊక మీదికి తిరిగొచ్చి, నూకలు పొడుస్తూ కువకువలాడటం మొదలుపెట్టాయి. కడుపు నిండి, ఒళ్ళు వెచ్చగా ఉన్న పిల్ల చేసే చప్పుడది. అది వినీ వినగానే రెక్క మళ్ళీ వేడి పెంచింది.

తెల్లవారినప్పటి నుంచి ఇది తొమ్మిదోసారి.

మంచుకోన కేంద్రంలో ఆ రెక్క కోసమే అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. కింద మైదానాల్లో ఎండలకి నాటుకోళ్ళు గుడ్ల మీద కూర్చోవడం మానేసి పదకొండేళ్ళయింది. దాచిన గుడ్లలో ఆఖరివి కొండ మీదికి తెచ్చి పొదిగిస్తే, మూడు వందల పన్నెండు పిల్లలు లేచాయి. ఇవి పోతే ఆ జాతి ఇక లేదు. తల్లి లేని పిల్లకి మొదటి వారం ముప్పై అయిదు డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. తగ్గిస్తేనే ఈకలు దట్టంగా మొలుస్తాయి. నెల తిరిగేసరికి పిల్ల తన వేడి తనే చూసుకుంటుంది.

థర్మామీటరు గాలి సంగతి చెబుతుంది గానీ పిల్ల సంగతి చెప్పదు. అందుకే డాక్టర్ మీరావలి రెక్కని తయారుచేశాడు. చూడటానికి పైకప్పు నుంచి వేలాడే పెద్ద మెత్తటి గొడుగు. లోపల వేడి తీగలు, అంచు చుట్టూ మైక్రోఫోన్లు. మొదటి అయిదు రోజులు కోళ్ళు పెంచడం తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని, పిల్లలు ఎలా ఉన్నాయో పైకి చెబుతూ ఉండాలి. ఆ మాటనీ, అప్పటి పిల్లల చప్పుడునీ రెక్క జతచేసుకుంటుంది. ఆపైన చప్పుడు విని తనే నిర్ణయిస్తుంది; మనిషి మాట వినబడితే దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ చెప్పే మనిషి ఈరమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఏ మాటకి చలి అని అర్థమో, ఏ మాటకి వేడి అనో, దేనికి సరిగ్గా ఉంది అనో పట్టిక రాసింది కుందన.

"ఏంది పాపా, పిల్లోళ్ళకి ఇంకా నూగే ఉండాది," అంది ఈరమ్మ, ఒక పిల్లని అరచేతిలోకి తీసుకుని వీపు మీద ఊదుతూ. "ఈ పాటికి ఈక పొడవాల. మీ రెక్క వీటిని ఎదగనీయడంలే. ఒళ్ళోనే పెట్టుకోని కూసోనుండాది."

కుందన పక్కగదిలోకి వెళ్ళి, రెక్క నేర్చుకున్న పాఠాలు తెరిచింది. కువకువ చప్పుడు ఎదురుగా, నాలుగు వందల పదహారు సార్లు, ఒకటే మాట. ఈరమ్మ గొంతులో. "సల్లగా ఉండాయి."

దాని పక్కన పట్టిక ఇచ్చిన అర్థం: చలి.

కుందన చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తెలియని మాట కాదు. పుట్టినరోజుకి కాళ్ళకి దణ్ణం పెడితే వాళ్ళ నాయనమ్మ నెత్తి మీద చెయ్యి వేసి అనేది కూడా అదే. చల్లగా ఉండు. పట్టిక రాసేటప్పుడు మాత్రం చల్ల, సల్ల అని మొదలయ్యే మాటలన్నీ ఒక్క దెబ్బకి చలి కిందకి తోసేసింది. పని తొందరగా తెమిలింది. మొదటి వారం ఎలాగూ వేడి ఎక్కువే కావాలి కాబట్టి తప్పు బయటపడలేదు. రెండో వారం వేడి సరిగ్గా దిగకపోతే కొండ చలి వల్లేననుకుంది.

"పట్టిక ఈ కొండ మీది వాళ్ళకి ఒకసారి చదివి వినిపించావా?" అని పట్టిక రాసిన రోజు మీరావలి అడిగాడు. "వినిపించాను సర్," అంది. వినిపించలేదు.

కుందన డిగ్రీ లేని పిల్ల. పాత కంప్యూటర్లు విప్పి, బిగించి, తనంతట తను నేర్చుకుంది. సర్టిఫికెట్ ఏదని ఈ కేంద్రంలో అడగనివాడు మీరావలి ఒక్కడే.

ఆ మధ్యాహ్నం అతనే షెడ్డులోకి వచ్చాడు. "వేడి దిగడం లేదేం కుందనా?"

"మైక్రోఫోన్లలో ఊక దుమ్ము చేరింది సర్. రెండు రోజులు చేత్తో నడిపి, శుభ్రం చేసి పెడతాను."

"రెక్కకి సంతకం పెట్టాల్సిన కమిటీ వచ్చేది ఇరవై తొమ్మిదో రోజు."

"తెలుసు సర్."

అతను వెళ్ళాక ఈరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "దుమ్ము యాడుంది పాపా? పొద్దున నేనే కదా తుడిస్తి."

కుందన తల దించుకుంది. "తప్పు నాది అవ్వా. రెక్కకి మళ్ళీ నేర్పాలంటే అప్పుడే లేచిన పిల్లలు కావాలి. ఏంటని మాత్రం ఇప్పుడు అడక్కు. పిల్లల్ని ఎలా బతికించుకోవాలో చెప్పు."

ఈరమ్మ పైకి చూసి, రెక్క వేలాడే తాడు పట్టుకుంది. "మా కాలంలో గంప కింద లాంతరు పెట్టేటోళ్ళం. దినానికి నాలుగు వేళ్ళ ఎత్తు పైకి లాగేది. అంతే."

రెక్క చెవులు కట్టేసి, వేడి ఒక్క చోట నిలిపి, రోజూ నాలుగు వేళ్ళు కొలిచి తాడు లాగారు. పోయిన రోజుల్ని పట్టుకోవాలని ఇరవయ్యో రోజున కుందన ఎనిమిది వేళ్ళు లాగింది. ఆ సాయంత్రం కొండ మీద ఒక్కసారిగా చలిగాలి దిగింది. పిల్లలన్నీ ఒక మూలకి పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. ఈరమ్మ కంచె దాటి మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆ కుప్పని విడదీస్తూనే ఉంది. అడుగున పదకొండు పిల్లలు ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాయి.

"నాలుగంటే నాలుగే," అంది ఈరమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనుకుంది కుందన.

ఇరవై అయిదో రోజుకి ఈకలు కనబడ్డాయి. ఇరవై ఎనిమిదో రోజుకి వేడి పూర్తిగా ఆపేసినా పిల్లలు షెడ్డంతా చెదిరి, సమంగా పరుచుకుని పడుకున్నాయి.

మర్నాడు కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు విమలాదేవి చెప్పులు విప్పి ఊక మీదికి వచ్చి ఒక పిల్లని ఎత్తుకుంది. అది ఆవిడ వేలు పొడిచింది. ఆవిడ నవ్వింది.

"మూడు వందల ఒకటి. ఇంత చలిలో. డాక్టర్ గారూ, మీ రెక్క తల్లిని మించిపోయింది." వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగింది. "సోమవారం నుంచి నాలుగు వందల షెడ్లకి పంపిద్దాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఉయ్యాలలకి కూడా ఇదే పెట్టాలని ఆరోగ్యశాఖ వాళ్ళు అడుగుతున్నారు. సంతకం ఇవాళే."

మీరావలి మొహం వెలిగిపోయింది. ఊక మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్న పదకొండు పిల్లలు కుందన కళ్ళ ముందు కదిలాయి.

"మేడమ్, వీటిని పెంచింది రెక్క కాదు," అంది. "పన్నెండు రోజులుగా దాన్ని పనిచెయ్యనివ్వలేదు. దానికి తప్పు నేర్పాను. ఈరమ్మవ్వ తాడు లాగి పెంచింది."

మీరావలి తలెత్తి రెక్క తాడు వైపు చూశాడు.

విమలాదేవి చేతిలో పిల్లని పైకెత్తి చూపించింది. "దీన్ని చూస్తుంటే అలా అనిపించడం లేదమ్మా. డాక్టర్ గారి మీద కోపమేమైనా ఉంటే తర్వాత మాట్లాడుకోండి."

బాగా పెంచడం వల్లే సాక్ష్యం చెరిగిపోయిందని కుందనకి అప్పుడు అర్థమైంది. గోడ దగ్గరికి వెళ్ళి మీట ఎత్తి, రెక్క చెవుల కట్టు విప్పింది. తెర మీద రెక్క కింద వేడి ఇరవై ఒకటి అని వెలిగింది.

"అవ్వా, పిల్లలు ఎలా ఉన్నాయి?"

ఈరమ్మ ఒకసారి షెడ్డంతా కలియజూసింది. "వాటికేం పాపా. సల్లగా ఉండాయి."

ఇరవై రెండు. ఇరవై అయిదు. ముప్పై. కాళ్ళ దగ్గర ఉన్న పిల్లలు కదిలాయి. ముప్పై నాలుగు. విమలాదేవి చేతిలోని పిల్ల నోరు తెరిచింది. మీరావలి రెండంగల్లో వచ్చి మీట దించేశాడు.

"పట్టిక వినిపించావా అని అడిగాను," అన్నాడు చాలా నెమ్మదిగా.

"వినిపించానని అబద్ధం చెప్పాను సర్."

"దుమ్ము?"

"అదీ అబద్ధమే."

ఈరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంగతి అందడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే సారూ, నేను సల్లగా ఉండమని దీవిస్తే, అది వణుకుతాండాయి అనుకున్యాదా?" తాడుని చేత్తో తట్టింది. "ఎంత అమాయకపుదో," అంది రెక్క వైపు చూసి.

ఆ రోజు సంతకం జరగలేదు. కుందన ఉద్యోగం ఉంచాలో తీసేయాలో కమిటీ చెబుతుందన్నాడు మీరావలి. అంతవరకూ ఈరమ్మ పక్కన కూర్చుని పట్టిక మొదటి మాట నుంచి చదవమన్నాడు. చదివింది. రెండు వారాలు పట్టింది. ఈరమ్మ ముప్పై ఏడు మాటలు దిద్దింది. ఆ పిల్లలే పెద్దవై గుడ్లు పెట్టాక, వాటిని పొదిగించి, కొత్త పిల్లల మధ్య ఆవిడని మళ్ళీ అయిదు రోజులు కూర్చోబెట్టారు. ఈసారి రెక్క వారానికి మూడు డిగ్రీల చొప్పున, ఎవరూ చెప్పకుండా, దిగుతూ వచ్చింది.

కమిటీకి మాత్రం భయం తీరలేదు. తప్పు సరిదిద్దారని మీరావలి రెండు ఉత్తరాలు రాశాడు. సంతకంతో పాటు ఒక షరతు వచ్చింది. కుందనని కొనసాగించవచ్చు. అయితే షెడ్డయినా, ఉయ్యాలల గదయినా, రెక్క ఉన్న ప్రతి చోటా బోర్డు ఉండాలి. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు.

బోర్డు బిగించిన రోజు ఈరమ్మ దాని కింద నిలబడి అడిగింది. "ఏం రాసినారు పాపా?"

"ఇక్కడ ఎవరినీ దీవించరాదు."

ఈరమ్మ ఆ అక్షరాల వైపు చూసింది. తర్వాత కుందన వైపు తిరిగి, నెత్తి మీద చెయ్యి వెయ్యబోయి, ఏదో అనబోయి, నోరు మూసుకుంది.

"ఏంటవ్వా?"

"బయటికి రా. చెప్తా."

బయట బాగా చలిగా ఉంది. కుందన వెళ్ళింది.